మబ్బుల్లో బజ్జో బుజ్జాయీ!

అర్ధరాత్రి పన్నెండున్నర. శంషాబాద్ విమానాశ్రయం పట్టపగల్లా వెలిగిపోతోంది. సాగనంపడానికి వచ్చిన చుట్టాలు, తాడు బిగించిన అట్టపెట్టెలు, తూకం ఎక్కువైందని మళ్లీ విప్పుతున్న సూట్‌కేసులు, అందులోంచి బయటికొస్తున్న ఆవకాయ ప్యాకెట్లు... ఆ హడావుడి మధ్య ట్రాలీ మీద కూర్చుని కళ్లింత చేసుకుని చూస్తోంది ఓ ఏడాదిన్నర పాప. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకల్లా నిద్రపోయే పిల్ల! ఇంకా చెకిన్ కూడా అవలేదు. న్యూయార్క్‌లో దిగడానికి మరో 24 గంటలుంది. పక్కనే నిలబడ్డ అమ్మ మనసులో వీసా గురించో సామాను గురించో కాదు, ఒకటే బెంగ... 'ఇది విమానంలో పడుకుంటుందా?'

ఏ రోజు వెళ్లినా అక్కడ అలాంటి అమ్మలు కనిపిస్తారు. పురిటికి పుట్టింటికొచ్చి చంటిబిడ్డతో ఒంటరిగా తిరిగి వెళ్తున్నవాళ్లు, మనవడిని చూసుకోవడానికి వెళ్తూ పెద్ద మనవరాలిని వెంటపెట్టుకెళ్తున్న అమ్మమ్మలు, సెలవులకొచ్చి ఇద్దరు పిల్లల్ని చెరోవైపు ఎత్తుకుని వెళ్తున్న జంటలు. పెద్దవాళ్లకు నిద్ర పట్టకపోతే సినిమా పెట్టుకుంటారు. పసిపిల్లలకు నిద్ర చాలకపోతే ఏడుస్తారు. వాళ్లు ఏడిస్తే మూడు వందలమంది తలలు తిప్పి చూస్తారు. చూసింది జాలితోనే అయినా అమ్మకు మాత్రం అందరూ తననే తిడుతున్నట్టు ఉంటుంది. ఆ బెదురులోనే కొందరు చేయకూడని పని కూడా చేస్తుంటారు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం.

మనకు రాత్రి... పాపకు పగలు!

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవాళ్లు ఎక్కువగా దుబాయ్, దోహా, అబుదాబిల్లోనో, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలోనో విమానం మారతారు. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు మన దగ్గర అర్ధరాత్రి దాటాకే ఎందుకు బయల్దేరతాయన్న అనుమానం చాలామందికి ఉంటుంది. కారణం సులభం. అక్కడినుంచి అమెరికాకు వెళ్లే పెద్ద విమానాలు ఉదయంపూట వరసగా ఎగురుతాయి. వాటిని అందుకోవాలంటే మనవాళ్లు తెల్లారేసరికి అక్కడ ఉండాలి.

మన పాప ప్రయాణాన్ని గడియారంతో లెక్కేద్దాం. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం ఎగిరిందనుకోండి. నాలుగు గంటల ప్రయాణం. దుబాయ్‌లో దిగేసరికి మనకు ఉదయం 8, అక్కడ ఆరున్నర. రెండున్నర గంటలు ఆగి, మన ఉదయం పదిన్నరకు రెండో విమానం. న్యూయార్క్‌కు దాదాపు 14 గంటలు. డాలస్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో అయితే ఇంకో రెండు గంటలు వేసుకోవాలి. న్యూయార్క్‌లో చక్రాలు నేలను తాకేసరికి మనకు రాత్రి పన్నెండున్నర. అక్కడ వేసవిలో అయితే మధ్యాహ్నం మూడు.

ఇప్పుడు అసలు విషయం గమనించారా? రెండో విమానంలో భోజనాలవగానే కిటికీలు మూయించి, దీపాలు ఆర్పేస్తారు. చుట్టూ అంతా గురక పెడుతుంటారు. 'హమ్మయ్య, రాత్రయింది, ఇక పడుకో' అని అమ్మ జోకొడుతుంది. పాప ఒంట్లో ఉన్న గడియారంలో మాత్రం అప్పుడు మధ్యాహ్నం పన్నెండు! పెరుగన్నం తిని ఆడుకునే వేళ. చీకటి చేసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు. మహా అయితే రోజూ పడుకునే మధ్యాహ్నం కునుకు తీస్తుంది. లేచాక ఇక నాలుగైదు గంటలు పడుకోమన్నా పడుకోదు. ఆ సమయంలో నిద్రపుచ్చాలని పోరాడితే అలిసిపోయేది అమ్మే.

ఇక నిజమైన నిద్ర ముంచుకొచ్చేదెప్పుడంటే మన రాత్రి ఎనిమిదిన్నరకు. అంటే విమానం దిగడానికి ఇంకో నాలుగు గంటలుందనగా. సరిగ్గా అప్పటికి అమ్మానాన్నల ఓపిక, బొమ్మలు, బిస్కట్లు అన్నీ అయిపోయి ఉంటాయి. పాప గాఢనిద్రలోకి జారాక దీపాలు వెలుగుతాయి, దిగే ముందు ఫలహారం బండి వస్తుంది. ఆ గోలకు ఉలిక్కిపడి లేచిందా... ఇమిగ్రేషన్ వరసలో ఏడుపు గ్యారంటీ.

'విమానం ఎక్కగానే వాచీని చేరబోయే ఊరి టైముకు మార్చుకోండి' అంటుంటారు. పెద్దవాళ్లకు అది మంచి మాటే. చంటిపిల్లతో వెళ్లేవాళ్లు మాత్రం ఒక గడియారాన్ని ఇంటి టైములోనే ఉంచుకోవాలి. సెల్‌ఫోన్ తనంతట తాను మారిపోతుంది కాబట్టి చేతి వాచీ మేలు. పాపకు ఆకలి ఎప్పుడేస్తుందో, కునుకు ఎప్పుడొస్తుందో చెప్పేది అదే. మధ్యాహ్నమనగా ఆటలు, కథలు, నడవలో నాలుగు చుట్లు. కొత్త బొమ్మ పుస్తకాలన్నీ మొదటి గంటలోనే బయటికి తీయకుండా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్యకు దాచుకోవాలి. మన ఏడున్నరవగానే పాల సీసా, బట్టలు మార్చడం, జోలపాట... ఇంట్లో పడుకోబెట్టే వరస ఏదైతే అది మొదలెట్టాలి. దిగేదాకా టైముందని ఇంకో కార్టూన్ పెట్టారో, చేతికొచ్చిన నిద్ర చేజారినట్టే.

మూడు నెలల్లోపు బిడ్డలకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లకింకా రాత్రీ పగలూ తేడా తెలియదు. రెండు మూడు గంటలకోసారి పాలు తాగి ఎక్కడైనా పడుకుంటారు. అంత చిన్నవాళ్లను తీసుకెళ్లాలంటే డాక్టరు సరేనన్నాకే టికెట్టు కొనాలి. అందరికంటే కష్టం ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలతోనే. నడక వచ్చి ఉంటుంది, మాట విని ఆగే వయసు కాదు.

మొదటి రాత్రి సగం ఇంట్లోనే

తెల్లవారుజామున 4 గంటల విమానమంటే ఒంటిగంటకల్లా విమానాశ్రయంలో ఉండాలి. విజయవాడ, వరంగల్, ఖమ్మం నుంచి వచ్చేవాళ్లు సాయంత్రమే కారెక్కుతారు. ఆ రోజు ఇంట్లో చుట్టాలు, సామాను సర్దడం, వీడ్కోలు భోజనాలు. పాపను ఒకరి చేతిలోంచి ఒకరు ఎత్తుకుంటూనే ఉంటారు. దాంతో మధ్యాహ్నం నిద్ర పోతుంది. 'మంచిదేలే, విమానంలో బాగా పడుకుంటుంది' అనుకుంటారు చాలామంది. ఇదే పెద్ద పొరపాటు. నిద్ర చాలని పిల్లలు త్వరగా నిద్రపోరు సరికదా, మరింత చిరాకుపడి పేచీ పెడతారు.

ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యుల అంచనా. ఆ లెక్క ప్రయాణం రోజున కూడా మారదు. కాబట్టి బయల్దేరే రోజు మధ్యాహ్నం ఒక గది తలుపు మూసి పాపను పడుకోబెట్టండి. చుట్టాలు ఏమీ అనుకోరు. సాయంత్రం గోరువెచ్చని నీళ్లు పోసి, అన్నం పెట్టి ఏడింటికల్లా మళ్లీ నిద్రపుచ్చితే బయల్దేరేలోపు నాలుగు గంటల నిద్ర జమ. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ నిద్ర కారులో దొరుకుతుంది.

మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. ఉయ్యాల. అమ్మమ్మ ఊరిలో మూడు నెలలుండి చీర ఉయ్యాలకు అలవాటుపడ్డ బిడ్డ ఊపితే తప్ప పడుకోదు. విమానంలో ఊపడానికేముంది? ప్రయాణానికి వారం పది రోజుల ముందు నుంచే ఊపు తగ్గిస్తూ, పక్కన పడుకోబెట్టి జోకొట్టడం అలవాటు చేయాలి. ఆ చీరను మాత్రం మర్చిపోవద్దు. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన పాత నూలు చీరలో సగం ముక్క చేతిసంచిలో పెట్టుకోండి. బజార్లో దొరికే ఖరీదైన దుప్పట్లకు ఆ వాసన రాదు. పైగా విమానం లోపల చలి. పాప కింద పరవడానికి, మెడదాకా కప్పడానికి అది చాలు. మొహం మీదికి మాత్రం రానివ్వకూడదు.

మొదటి విమానంలో పని తక్కువ. పాపకు అది నిజంగానే రాత్రి. విమానాశ్రయంలోనే కడుపు నింపి, డైపరు మార్చి, ఎక్కగానే పడుకోబెట్టాలి. తన సీటు ఉన్న పిల్లలకైతే బెల్టును దుప్పటి పైనుంచి కనపడేలా పెడితే, పెట్టారో లేదో చూడటానికి సిబ్బంది లేపరు. ఈ చిన్న చిట్కా తెలియక మంచి నిద్ర పాడుచేసుకున్నవాళ్లు ఎందరో! దుబాయ్‌లోనో దోహాలోనో దిగాక మాత్రం ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా వదిలేయండి. పరుగులు పెట్టనీయండి. తర్వాత 14 గంటలు ఆ కాళ్లకు పని ఉండదు. స్ట్రోలర్ తీసుకెళ్తే మధ్యలో దిగినచోట చేతికిస్తారా, చివరి ఊళ్లోనే ఇస్తారా అన్నది శంషాబాద్‌లోనే అడిగేయాలి.

ఒడిలోనా... సీటులోనా?

రెండేళ్లలోపు పిల్లలకు సీటు లేకుండా ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్టు ఉంటుంది. విదేశీ ప్రయాణాల్లో అది దాదాపు పెద్దల ఛార్జీలో పదోవంతు. అందుకే 'రెండో పుట్టినరోజు లోపే వెళ్లొచ్చేద్దాం' అని తొందరపడే కుటుంబాలు బోలెడు. వెళ్లేటప్పుడు ఏడాదీ పదకొండు నెలలుండి, తిరిగొచ్చేలోపు రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. ఇది చివర్లో తెలిసి గొడవపడేవాళ్లున్నారు.

డబ్బు ఆదా అవుతుందన్నది నిజం. కానీ పది పన్నెండు కిలోల పిల్లను 18 గంటలు ఒళ్లో పెట్టుకోవడం ఏమిటో మోసినవాళ్లకే తెలుసు. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే ఎంత చిన్నవాళ్లయినా సొంత సీటులో, విమానాలకు ఆమోదం ఉన్న కారు సీటులో కట్టి కూర్చోబెట్టడమే క్షేమమని చెబుతోంది. కుదుపులొస్తే చేతులతో గట్టిగా పట్టుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి. ఇంట్లో కారు సీటులో నిద్రపోయే అలవాటున్న పిల్లలు విమానంలోనూ అందులో హాయిగా పడుకుంటారు. అందరికీ ఆ ఖర్చు సాధ్యం కాదు. ఏడాది దాటిన పిల్లతో అమ్మ ఒక్కతే వెళ్తుంటే మాత్రం ఇంకెక్కడైనా తగ్గించుకుని సీటు కొనడమే మంచిదని నాకనిపిస్తుంది.

ఇంకా చిన్నవాళ్లకు బాసినెట్ ఉంది. ముందు గోడకు తగిలించే చిన్న ఉయ్యాల తొట్టి. ఒక్కో విమానంలో కొన్నే ఉంటాయి. టికెట్టు కొన్నాక రెండ్రోజులాగి అడిగితే దొరక్కపోవచ్చు. ఎంత బరువు, ఎంత పొడవు వరకు అన్నది ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. రెండు విమానాలకూ విడివిడిగా ఖాయం చేసుకోవాలి. ఇందులో ఓ తిరకాసుంది. సీటు బెల్టు దీపం వెలిగినప్పుడల్లా బిడ్డను తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ చిన్న బెల్టును అమ్మ బెల్టుకు తగిలించాలి. రాత్రంతా కుదుపులుంటే నాలుగుసార్లు లేపినట్టే. అయినా అమ్మ చేతులకు గంటో రెండు గంటలో విశ్రాంతి దొరికితే అదే పదివేలు.

సీట్ల ముందు నేలమీద చీర పరిచి పడుకోబెట్టడం మనవాళ్లు చేసే ఇంకో పని. సిబ్బంది ఒప్పుకోరు. విసుక్కోకండి, కారణముంది. ఉన్నట్టుండి ఆక్సిజన్ మాస్కులు జారితే నేలమీది బిడ్డకు అందవు. కుదుపులకు ఎగిరి పడే ప్రమాదమూ ఉంది. కాళ్లకింద గాలి ఊదిపెట్టే దిండ్లు ఇప్పుడు చాలామంది కొంటున్నారు. కొన్ని సంస్థలు వాటిని అనుమతించవు. కొనేముందే కనుక్కోవాలి. సీట్లు ఎంచుకునేటప్పుడు మరుగుదొడ్ల పక్క, వంటగది పక్క వద్దు. ఆ తలుపుల చప్పుడు, వెలుతురు రాత్రంతా ఆగవు.

ఇద్దరు పెద్దవాళ్లుంటే వంతులేసుకోండి. ఒకరు పడుకుంటే ఒకరు మెలకువగా ఉండాలి. బిడ్డను గుండెలమీద వేసుకుని ఇద్దరూ ఒకేసారి నిద్రపోతే చంటివాళ్ల మొహం దుస్తుల్లో నొక్కుకుపోయి ఊపిరాడకపోవచ్చు. తాతయ్యలు ఈ వంతుకు బాగా పనికొస్తారు... వాళ్లకెలాగూ నిద్ర పట్టదు!

ఒక్క చెంచా మందు... వద్దు!

ఇందాక చెప్పుకుందామన్నది ఇదే. 'ప్రయాణం ముందు ఒక్క చెంచా జలుబు సిరప్ పట్టించేయ్, హాయిగా పడుకుంటుంది.' ఈ సలహా పక్కింటావిడ నుంచి వస్తుంది, చదువుకున్న స్నేహితురాళ్ల నుంచీ వస్తుంది. అడిగితే మందుల షాపువాళ్లూ ఇచ్చేస్తుంటారు.

మత్తునిచ్చే ఆ అలర్జీ మందుల్లో ప్రోమెథజైన్ ఒకటి. రెండేళ్లలోపు పిల్లలకు దాన్ని ఇవ్వకూడదని, ఊపిరి మందగించి ప్రాణాలు పోయే ప్రమాదముందని 2004లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుకు కఠినమైన హెచ్చరిక జోడించింది. మన దగ్గర 2025లో మధ్యప్రదేశ్‌లో విషపదార్థం కలిసిన దగ్గుమందు తాగి పసివాళ్లు చనిపోయారు. ఆ తర్వాత అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ అధికారులు రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్లలోపు వారికి కూడా మామూలుగా అవి తగవని రాష్ట్రాలకు తెలియజేశారు. జలుబు చేసిన పిల్లలకే వద్దన్న మందును నిద్ర కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పట్టించడమేమిటి?

విమానంలో ఇంకో సంగతి కూడా ఉంది. పైన ఎగురుతున్నప్పుడు లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. ఊటీ కొండమీద ఉన్నట్టన్నమాట. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దాంతో ఇబ్బంది లేదు. కానీ మందు మత్తులో శ్వాస మందగించిన బిడ్డకు, డాక్టరు దగ్గర లేనిచోట, ఎందుకా పరీక్ష? పైగా ఈ మందులు కొందరు పిల్లల్లో పూర్తిగా ఎదురు తిరుగుతాయి. పడుకోవడం మాట అటుంచి, గంటల తరబడి గంతులేస్తూ ఏడుస్తూ ఉంటారు. పాత కాలంలో జలుబుకని రెండు చుక్కలు పట్టించే బ్రాందీకీ ఇదే మాట. వద్దంటే వద్దు.

అమ్మమ్మల చిట్కా ఇంకొకటుంది, గసగసాల పాలు. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. పిల్లల ఒంటికి మంచిదికాదన్నది ఒక కారణం. రెండోది ఇంకా భయంకరం. మన వంటింట్లో మామూలు దినుసైన గసగసాలు యూఏఈలో, సౌదీలో నిషిద్ధం. మసాలా పొట్లంలో చిన్న మూట దొరికినా మాదకద్రవ్యం కేసు కావచ్చు. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు చంటిపిల్ల సంచిలో అది లేకుండా చూసుకోవాలి. సామాను సర్దే పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

చెవులు జాగ్రత్త

పడుకున్న పిల్ల ఒక్కసారిగా కెవ్వుమని లేచిందంటే చాలాసార్లు కారణం చెవే. విమానం కిందికి దిగుతున్నప్పుడు బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఉండే సన్నని గొట్టం తెరుచుకుంటేనే లోపలి ఒత్తిడి సరిపోతుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం మరీ సన్నం, దాదాపు అడ్డంగా ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది. అందుకే దిగడానికి అరగంట ముందు నుంచి, విమానం కిందికి వాలుతోందని తెలియగానే తల్లిపాలో సీసా పాలో కొంచెం కొంచెంగా తాగించాలి. పెద్దపిల్లలకు గ్లాసులో నీళ్లు. నిద్రలో పిల్లలు మింగడం తక్కువ. కాబట్టి మన పాపను నెమ్మదిగా కదిపి, సగం నిద్రలోనే సీసా నోటికి అందించడం మేలు. ఒక్కసారిగా నొప్పితో లేవడంకంటే ఇది నయం. బయల్దేరేముందు ముక్కు బిగదీసి ఉన్నా, చెవి నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించాకే ప్రయాణం.

పాల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ద్రవాలు వంద మిల్లీలీటర్లు మించకూడదన్న నిబంధన ప్రయాణానికి కావలసినంత చంటిపిల్లల పాలకు వర్తించదు. తనిఖీ దగ్గర విడిగా తీసి చూపిస్తే చాలు. పాలపొడిని ఒక్కో సీసాకు సరిపడా చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకుంటే చీకట్లో చెంచాలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది. వేడినీళ్లు సిబ్బందిని అడగొచ్చు. అవి మరీ కాగిపోతుంటాయి. కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్కేసి చూసుకోవాలి. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి పాలో నీళ్లో మామూలుకంటే ఎక్కువసార్లే పట్టించాలి. కొత్త తిండి ఏదీ ఆ రోజు పరిచయం చేయకండి. ఇడ్లీ, మరమరాలు, ఇంట్లో తినే బిస్కట్లు చాలు. మిగిలిపోయిన అరటిపండ్లు, ఆపిళ్లు దిగేముందు విమానంలోనే వదిలేయండి. అమెరికాలో వాటిని తెలియజేయకుండా బయటికి తీసుకెళ్తే జరిమానా వేస్తారు.

అక్కడ మొదటి రాత్రి

న్యూయార్క్‌లో మధ్యాహ్నం మూడింటికి దిగిన పాపకు అది అర్ధరాత్రి. ఇంటికెళ్లేదాకా భుజం మీద పడుకునే ఉంటుంది. పడుకోనీయండి. సాయంత్రానికి ఓసారి లేపి, అన్నం తినిపించి, వెలుతురుండగా కాసేపు బయట తిప్పి మళ్లీ పడుకోబెట్టండి. అయినా రాత్రి పన్నెండింటికి కళ్లు మిలమిలలాడించుకుంటూ లేచి కూర్చుంటుంది. తన లెక్కలో తెల్లారి తొమ్మిదిన్నరైంది మరి! అప్పుడు పెద్ద దీపాలు, టీవీ వెయ్యొద్దు. ఆకలేస్తే మసక వెలుతురులోనే ఏదైనా పెట్టి, మెల్లగా మాట్లాడుతూ ఉండండి. పొద్దున మాత్రం ఎంత బద్ధకంగా ఉన్నా తెరలు తీసి ఎండలోకి తీసుకెళ్లాలి. ఒంటి గడియారాన్ని తిప్పగలిగేది వెలుతురే. మధ్యాహ్నం కునుకు రెండు గంటలు దాటితే లేపేయాలి.

తిరుగు ప్రయాణం దీనికంటే కొంత సులువు. న్యూయార్క్ నుంచి రాత్రి పదకొండింటికి బయల్దేరే విమానమైతే, అక్కడ కొన్ని వారాలున్న పిల్లకు అది నిజమైన నిద్రవేళ. ఆ 12 గంటల్లో ఏడెనిమిది గంటలు పడుకుంటుంది. కష్టమంతా ఇంటికొచ్చాక, రాత్రి రెండింటికి తాతయ్యతో ఆడుకుంటానని మారాం చేసినప్పుడు. తాతయ్యలు లేచి ఆడించకుండా ఆపడం మీ పని.

వెళ్లినా వచ్చినా ఒకటి రెండు రోజుల్లో కుదురుకోదు, వారం పది రోజులు పడుతుంది. మొదటి రాత్రి పన్నెండింటికి లేచింది, మూడోనాడు రెండింటికి లేస్తుంది, ఇంకో రెండ్రోజులకు నాలుగున్నరకు. ఐదున్నర దాకా కదలకుండా పడుకున్న రోజున, ఇంటి టైములో ఉంచిన ఆ వాచీ ముల్లు తిప్పేసుకోవచ్చు.